పచ్చకొండ దిగుబాట

ఒమన్ దేశపు అంతర్భాగమున, నిజ్వా నగరమునకు తూర్పుదిక్కున, హజర్ పర్వతపంక్తి పాదముల నానుకొని బిర్కత్ అల్ మౌజ్ అను గ్రామమొకటి కలదు. ఆ పేరునకు అరటుల కొలను అని అర్థము. ఖర్జూరవనముల నీడలో అరటిచెట్లు, పాడువడిన పాత మట్టియిండ్ల వరుసలు, వాని నడుమ ఎండాకాలమునందును ఎండక పారు ఫలజ్ అల్ ఖత్మైన్ అను ప్రాచీనమైన నీటికాలువ ఆ యూరికి అలంకారములు. యునెస్కోవారు 2006లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన ఐదు ఒమనీ ఫలజులలో ఇది యొకటి. ఈ గ్రామము దాటినంతనే దారి కొండవైపునకు మలుపు తిరుగును. ఆ మలుపునకు కొంచెము ఆవల, ఆరోహణ మారంభము కాకమునుపే, రాయల్ ఒమన్ పోలీసువారి తనిఖీ చౌకి యొకటి ప్రతి వాహనమును నిలుపును.

అచ్చటి పోలీసు అడుగునది స్వల్పము. డ్రైవింగు లైసెన్సు, ముల్కియా. గల్ఫు దేశములలో బ్రదుకు మన తెలుగువారందరికి ముల్కియా యనగా బండి యాజమాన్యపత్రమని తెలియును. దానిని చూచి, బండి నాలుగు చక్రములకు శక్తి నందించు జాతిదని రూఢి పరచుకొన్న పిదపనే ఆ పోలీసు చేయూపి పొమ్మనును. కానిచో ఎంత ఖరీదైన కారైనను వెనుకకు మరలవలసినదే. మొదటిసారి వచ్చినవారు, పైనంతయు చక్కని తారురోడ్డు ఉండగా ఈ నిర్బంధమేల యని విసుగుకొందురు. నేనును విసుగుకొంటిని. కాని ఆ చౌకి ఎక్కువారి సౌకర్యమునకై వెలసినది కాదనియు, మరునాడో ఆ సాయంకాలమో ఆ దారినే దిగిరావలసినవారి ప్రాణములకై వెలసినదనియు, కొండ యెక్కకముందే దిగుటను గూర్చి అడుగు ప్రశ్నయే అదియనియు, ఆ దారి చరిత్రను కొంత తెలిసికొన్న పిమ్మటగాని నాకు బోధపడలేదు.

ఆ కొండ పేరు జబల్ అఖ్దర్. జబల్ యనగా కొండ, అఖ్దర్ యనగా పచ్చనిది. దూరమునుండి చూచువారికి అది సున్నపురాతి బూడిదవన్నె గోడవలె కనబడునే గాని పచ్చదన మావగింజంతయు కానరాదు. ఆ పచ్చదనమంతయు పైన, సముద్రమట్టమునకు సుమారు 2000 మీటర్ల యెత్తున నున్న సైక్ పీఠభూమియందును, దాని యంచున లోయమీదికి వ్రేలాడుచున్నట్లు కట్టిన అల్ అఖ్ర్, అల్ ఐన్, అష్ షురైజా గ్రామముల మెట్లచేలయందును దాగియున్నది. క్రింద నిజ్వాలో గాలి కొలిమివలె కాలుచుండగా పైన చల్లని పిల్లవాయువు వీచును. దానిమ్మ, అక్రోటు, నేరేడువన్నె ద్రాక్ష పండును. ఏప్రిల్ మాసమున గులాబీలు విరియగా ఆ రేకులను మట్టిపొయ్యిలమీద కాచి పన్నీరు దింపుదురు. ఆ పన్నీటికి పొగవాసన తోడైన యొక విలక్షణమైన సువాసన కలదు. అయితే పన్నీరు గాని, దానిమ్మ గాని పైన నున్నంతకాలము ధాన్యముగా, బట్టగా, నాణెముగా మారదు. అది నిజ్వా అంగడికి దిగి రావలెను. కాబట్టి ఆ కొండవాసుల జీవితమున దిగుట యనునది విహారము కాదు. అది వారి వర్తకమునకు ప్రాణము.

ఆ దిగుబాటలో శతాబ్దములపాటు వారికి తోడైన జీవి గాడిద. ఒంటె యిసుకకు రాజేగాని, విరిగిన రాళ్ళ మెట్లమీద దానిది బెదురునడక. గాడిద యట్లు కాదు. దిగునప్పుడు అది అడుగును కుదించును. బరువును వెనుకకాళ్ళమీదికి తెచ్చుకొనును. ముందుకాలు మోపిన రాయి కదలదని నమ్మకము కుదిరినగాని రెండవకాలు ఎత్తదు. దాని వెంట నడచువారికిని ఒక పాఠము తెలిసియుండవలెను. ఎక్కునప్పుడు మూట వెనుకకు జారజూచును, దిగునప్పుడు ముందుకు మెడమీదికి జారజూచును. అందుచేత బరువుమోయు జంతువులను కొండ దింపువారు తోక క్రిందుగా పోయు పట్టెడతో జీనును వెనుకకు బిగించి కట్టుదురు. ఈ పట్టెడను కొండపైననే, సమతలముమీద నిలిచియున్నప్పుడే బిగింపవలెను. మూట మెడమీదికి వచ్చి, గాడిద ముందుకు తూలిన తరువాత, ఇరుకు దారిలో ఒకప్రక్క లోయ నోరు తెరచుకొని యుండగా, ఆ ముడి బిగించుట ఎవ్వరితరమును కాదు. అవరోహణవిద్యకు ఇదియే మొదటి సూత్రమని నేననుకొందును. బరువునకు కళ్ళెము కొండకొనయందే వేయవలెను.

ఆ కొండమార్గములు బయటివారికి చిరకాలము మూసిన తలుపులే. భారత నౌకాదళమునకు చెందిన లెఫ్టినెంట్ జేమ్స్ వెల్‌స్టెడ్ 1830ల నడుమ ఒమన్ లోపలి భాగములను దర్శించి, ఈ కొండను కూడ ఎక్కి, 1838లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున దాని తోటలను, జనులను వర్ణించెను. అటు పిమ్మట నూరేండ్లకు పైగా గడచిన తరువాత వచ్చిన విల్‌ఫ్రెడ్ థెసిగర్, రుబ్ అల్ ఖాలీ వంటి మహామరుభూమిని రెండుమారులు దాటిన వీరుడు, ఈ పచ్చకొండ యెక్కవలెనని ఎంతయో ఉబలాటపడెను. కాని లోపలి ప్రాంతముల నేలుచుండిన ఇమాము పక్షమువారి అభ్యంతరముచేత అతనికి ఆ కోరిక తీరనేలేదు.

1957లో ఇమాము గాలిబ్ బిన్ అలీ, అతని సోదరుడు తాలిబ్, కొండకు ప్రభువని పేరుపొందిన సులైమాన్ బిన్ హిమ్యార్ అనువారలు సుల్తాను సయీద్ బిన్ తైమూరునకు ఎదురు తిరిగి, బ్రిటిషు సహాయముతో వచ్చిన సుల్తాను సేనలకు నిలువలేక ఈ కొండపైకి చేరిరి. క్రిందనున్న సేనలకు కొండదారులన్నియు మృత్యుద్వారములైనవి. విమానములు బాంబులు కురిపించెను; తనూఫ్ గ్రామము నేలమట్టమయ్యెను; దాని మొండిగోడలు నేటికిని ఆ దారిన పోవువారికి కనబడుచునే యున్నవి. అయినను కొండ లొంగలేదు. తుదకు 1959 జనవరి 26వ తేదీ రాత్రి బ్రిటిషు ఎస్.ఏ.ఎస్. దళములు వేరొక దుర్గమమైన వెన్నుపట్టెమీదుగా చీకటిలో ఎగబ్రాకి, తెల్లవారునప్పటికి పీఠభూమి అంచు చేరిరి. ఈ గాథలో గాడిదలకును పాత్ర కలదు. సామాను మోయుటకై సోమాలీలాండునుండి గాడిదలను తెప్పించిరి. కాని అవి ఆ కొండకు అలవాటుపడిన స్థానికపు గాడిదలవంటివి కావయ్యెను. ముట్టడికి ముందు, గాడిదలు తోలువారికి, పయనము తనూఫ్ వైపునుండి యని పరమరహస్యముగా చెప్పగా, ఆ మాట గంటలలో కొండపైకి ప్రాకిపోయి, తిరుగుబాటుదారుల కాపలా చాలవరకు ఆ వైపునకే మరలెనని చరిత్రకారులు వ్రాసియున్నారు.

1970 జూలై 23వ తేదీన సుల్తాను ఖాబూస్ సింహాసన మెక్కునాటికి ఒమన్ దేశమంతటను తారు వేసిన రోడ్డు సుమారు 10 కిలోమీటర్లు మాత్రమే. 1967లోనే చమురు ఎగుమతి మొదలైనను ఆ ధనము ఇంకను దారులుగా మారలేదు. తరువాతి కాలమున దేశమున రోడ్లు తీగెలవలె అల్లుకొనసాగెను; మస్కట్టునుండి సమాయిల్ కనుమగుండా నిజ్వాకు రాచబాట వచ్చెను; పచ్చకొండకు మాత్రము ఆలస్యముగా వచ్చెను. సైన్యము మొదట మలచిన కంకర బాటయే చాలయేండ్లు ఆ కొండకు మోటారుదారి. పీఠభూమి సైనికస్థావరమగుటచేత అనుమతిపత్రము లేనిదే పరదేశీయు డెవ్వడును పైకి పోరాదు. ఇరువది యొకటవ శతాబ్దపు తొలి దశాబ్దమున తారురోడ్డు వచ్చిన పిదపనే విహారులకు కొండ తలుపు తెరచిరి. అనుమతిపత్రము పోయి, దాని స్థానమున నాలుగు చక్రముల నియమము మిగిలెను.

కంకరబాటమీద బండి దించిన పాతకాలపు డ్రైవర్లకు ఆ నియమము వేరుగా చెప్పనక్కరలేదు. 1948లో పుట్టిన ల్యాండ్‌రోవరు మొదలుకొని ఆ జాతి బండ్లన్నిటికిని రెండవ గేరుపెట్టె యొకటి యుండును. దానిని క్రిందిశ్రేణికి దింపినచో చక్రము ఒక్కమారు తిరుగుటకు ఇంజిను ఎన్నోమార్లు తిరుగవలసివచ్చును. ఎక్కునప్పుడు అది బలము. దిగునప్పుడు అదియే కళ్ళెము. కాలు యాక్సిలరేటరు మీదనుండి తీసినంతనే బండిబరువు చక్రములను త్రిప్పజూచును, చక్రములు ఇంజినును త్రిప్పజూచును. ఇంజిను తన లోపలి గాలిని పీల్చుచు, నొక్కుచు, మూసిన ద్వారమునకు ఎదురీదుచు ఆ త్రోపును ప్రతిఘటించును. డ్రైవరు బ్రేకుమీద కాలు మోపకయే బండి మనిషినడకగా కొండ దిగును. గాడిద అడుగు కుదించుకొన్నట్లే యిదియును.

ఈ సత్యము మన తెలుగునాట ఘాటురోడ్ల డ్రైవర్లకు క్రొత్తది కాదు. తిరుమలకొండకు 1944లో మొదటి ఘాటురోడ్డు వచ్చెను. 1970లలో ఎక్కుటకు రెండవదారి ఏర్పడిన తరువాత ఆ మొదటి మార్గమునే దిగువారికి విడిచిరి. ఆ మలుపులలో వేలమార్లు బస్సు దించిన పెద్దలు చెప్పు మాట యొకటే: ఏ గేరులో ఎక్కుదువో ఆ గేరులోనే దిగు. శ్రీశైలము దారిలోనైనను, అనంతగిరిమీదుగా అరకు పోవు దారిలోనైనను ఆ మాటయే శాసనము. ఇంధనము మిగులునని ఆశపడి న్యూట్రలులో బండి విడుచువానిని వారు డ్రైవరుగా లెక్కింపరు. దిగుట ముగిసిన తరువాత బండి యాపి, దిగి, చక్రముదగ్గర అరచేతిని వెనుదిప్పి పట్టి వేడి చూచుట వారి అలవాటు. ఆ వేడి చెప్పు సాక్ష్యమును ఎవ్వరును కాదనలేరు.

ఆ వేడి ఎంతటిదో లెక్కవేసి చూడవచ్చును. మనుష్యులతో, సామానుతో 1700 కిలోలు తూగు బండి సైక్ పీఠభూమినుండి బిర్కత్ అల్ మౌజునకు దిగునప్పుడు దాదాపు 1300 మీటర్ల యెత్తును కోల్పోవును. ఆ యెత్తునందు దాగిన శక్తి మన ఇంటి విద్యుత్తు లెక్కలో ఆరు యూనిట్లు. అరువది లీటర్లకు పైగా చన్నీళ్ళను సలసల మరిగించుటకు అది చాలును. గాలియు, చక్రముల రాపిడియు అందులో కొంత హరించినను, మిగిలినదంతయు ఎచ్చటికో పోవలెను గదా! డ్రైవరు కేవలము బ్రేకునే నమ్ముకొన్నచో అది నాలుగు ఇనుపపళ్ళెములలోనికి, వానిని కరచిపట్టు చిన్ని బ్రేకు ప్యాడ్లలోనికి పోవును. ప్యాడ్లు కాలి, పట్టు తప్పి, మాడువాసన వేయును. అంతకన్న ఘోరమైనది బ్రేకునూనె మరుగుట. డాట్-3 రకపు నూనె కనీసపు మరుగుస్థానము క్రొత్తదైనప్పుడు 205 డిగ్రీల సెల్సియస్. కాలక్రమమున గాలిలోని తేమను పీల్చుకొన్న తరువాత అది 140 వరకు దిగిపోవచ్చును. నూనె మరిగి ఆవిరిబుడగలు పుట్టినచో, పెడలు నొక్కినప్పుడు ఆ బుడగలు నలుగునే గాని చక్రమునకు పట్టు అందదు. కాలిక్రింద పెడలు దూదివలె మెత్తబడి అడుగంటిపోవు ఆ క్షణమును అనుభవించి బ్రతికి బయటపడినవారు జీవితమున దానిని మరువరు. పచ్చకొండ దారిలో అచ్చటచ్చట రోడ్డు ప్రక్కగా ఎత్తునకు పోవు కంకరదిబ్బల బాటలు కనబడును. పట్టుదప్పిన బండి తననుతాను ఆ కంకరలో పూడ్చుకొని నిలుచుటకై కట్టినవి అవి.

ఈ భయమునుండియే ప్రపంచమున గొప్ప ఉపాయములు కొన్ని పుట్టెను. డీజిలు ఇంజినులకు పేరుగాంచిన క్లెస్సీ కమిన్స్ 1931లో కాలిఫోర్నియాలోని కాజోన్ కనుమ దిగుచుండగా లారీ బ్రేకులు విఫలమై, ఎదుట రైలు దాటుచున్న పట్టాలవైపు దూసుకుపోయి, వెంట్రుకవాసిలో ప్రాణములు దక్కించుకొనెను. ఆ భయమును అతడు మరువలేదు. డీజిలు ఇంజిను సహజముగా పెట్రోలు ఇంజినువలె బండిని ఆపదని తెలిసి, కవాటములను సమయమెరిగి తెరచుటద్వారా దానిని గాలి నొక్కు యంత్రముగా మార్చు ఉపాయమును కనిపెట్టెను. 1961లో జేకబ్స్ సంస్థ ఆ పరికరమును విపణికి తెచ్చెను. రైలుమార్గములలోనో, విద్యుత్తు ఇంజినులు మరియొక త్రోవ చూపెను. లాగుటకు పనికివచ్చు మోటారునే దిగునప్పుడు జనరేటరుగా మార్చి, బండి బరువుచేత విద్యుత్తు పుట్టించి, ఆ పుట్టించు శ్రమచేతనే బండిని నెమ్మదింపజేయుట ఆ త్రోవ. బైలడిల్లా ఇనుపరాతిని నింపుకొని అరకు కొండలమీదుగా విశాఖపట్టణమునకు దిగివచ్చు గూడ్సుబండ్లను అదుపున నుంచునది ఈ విద్యయే.

1997 డిసెంబరులో జపానుదేశమున టొయోటావారు ప్రియస్ అను కారును విక్రయింప నారంభించినప్పుడు, రైలింజిను విద్యయు, గేరుమీద దించు విద్యయు ఒకే బండిలో కలిసెను. హైబ్రిడ్ అని లోకము పిలుచు ఆ జాతి బండిలో పెట్రోలు ఇంజినును, విద్యుత్తు మోటార్లను ఒక గ్రహచక్రమువంటి పళ్ళచక్రముల కూర్పు కలిపియుంచును. అందు మెట్లుమెట్లుగా మార్చు గేర్లు లేవు. రెండవ గేరునకు దింపుదమన్న ఆ రెండవ గేరే కానరాదు. పి, ఆర్, ఎన్, డి అను అక్షరముల ప్రక్కన మాత్రము, మనవారు సాధారణముగా తాకని ‘బి’ అను అక్షరమొకటి కూర్చుండియుండును. చాలమంది దానిని బ్యాటరీ నింపుటకు ఉద్దేశించినదని భ్రమపడుదురు. నిజమునకు దాని ధర్మము దాదాపు విపరీతము.

డి యందు కాలు తీసినప్పుడు మోటారు జనరేటరై, దిగుడు శక్తిని విద్యుత్తుగా మార్చి బ్యాటరీలోనికి పంపును. సమతలమున, చిన్న వంతెనలవద్ద ఇంతకన్న మేలైన ఏర్పాటు లేదు. కాని ఆ బ్యాటరీ గర్భ మెంత? పాత ప్రియస్ జాతి బండ్లలో మొత్తము సుమారు 1.3 యూనిట్లు, అందును ఆయువు చెడకుండుటకై పూర్తిగా నింపక, పూర్తిగా ఖాళీచేయక, నడిమి భాగమునే వాడుటచేత ఉపయోగమునకు వచ్చునది సుమారు అర యూనిటు. కొండ మనకిచ్చునదో ఆరు యూనిట్లు! సోలెడు పాత్రను పట్టుకొని చెరువు గండికి అడ్డునిలిచినట్లున్నది. బ్యాటరీ నిండగనే ఆ జనరేటరు కళ్ళెము సడలును. అంతవరకు అలవాటైన పట్టు తగ్గి, భారము చాలవరకు బ్రేకుపళ్ళెములమీద పడును. ‘బి’ అను అక్షరము పుట్టినది ఈ గండము దాటించుటకే. అందు పెట్టినంతనే ఒక మోటారు ఇంజినును గిరగిర త్రిప్పును. ఇంజినులోనికి పెట్రోలు చుక్కయైన పోదు. అది వట్టి గాలిని పీల్చి నొక్కుచు, ఆ శ్రమలో శక్తిని వేడిగా, ధ్వనిగా వెడలగ్రక్కుచుండును. బ్యాటరీ నిండినను నిండకున్నను ఆ గాలితోడి కుస్తీ ఆగదు. కావుననే దీర్ఘమైన దిగుడులకే ‘బి’. నిత్యము ఊరి వీథులలో వాడినచో బ్యాటరీకి దక్కవలసిన శక్తి గాలిపాలగును. ‘ఎన్’ మాత్రము దిగుడున సర్వథా వర్జ్యము. అందు జనరేటరు కళ్ళెమును ఉండదు, ఇంజిను కళ్ళెమును ఉండదు.

మస్కట్టులో చిరకాలముగా నివసించుచున్న కోనసీమవాడగు మిత్రుడొకడు తన హైబ్రిడ్ కారులో నన్ను అమరాతునుండి బౌషరునకు కొండదారిన తీసికొనిపోయిన సాయంకాలము నాకు బాగుగా జ్ఞాపకమున్నది. పచ్చకొండ చౌకివద్ద ఆ కారును ముందుకు పోనీయరు, అది రెండు చక్రములకే శక్తి నందించు బండి. అయినను అమరాతు దారి దిగుడు విద్యార్థికి చాలినంత పాఠమే. వెనుకసీటులో అతని తమ్ముడు, ఊరినుండి వచ్చి ఆరు మాసములే, అప్పుడే ఒమన్ లైసెన్సు చేతికి వచ్చినవాడు. కొండకొనకు చేరగనే, క్రిందనెక్కడనో మస్కట్టు దీపములు మిణుకుమిణుకుమనుచుండగా, మిత్రుడు వేగము తగ్గించి, మీటను ఒక్క గంటు క్రిందికి లాగెను. తెరమీద డి పోయి బి వెలిగెను. ఇంజిను సన్నని మూలుగుతో కొంత దూరము దిగితిమి. బ్యాటరీ బొమ్మలో గీతలు ఒక్కొక్కటే నిండుచుండెను. ఆ చివరి గీత నిండు వేళకు, అంతవరకు మూలుగుచుండిన ఇంజిను ఒక్కమారుగా గొంతెత్తి అరవసాగెను.

“అన్నయ్యా, ఇంజిను అలా అరుస్తోందేమిటి? ఏదో పాడైనట్టుంది, ఆపు,” అని తమ్ముడు ముందుకు వంగెను.

“పాడవలేదురా. అది బండిని పట్టుకుంటోంది. అరవనీ. అది అరుస్తుంటే మన బ్రేకులు చల్లగా ఉంటాయి,” అని మిత్రుడు దారిమీదనుండి చూపు మరల్చకయే బదులు చెప్పెను. మలుపులవద్ద మాత్రము బ్రేకును ఒకమారు గట్టిగా నొక్కి, వేగము దిగినంతనే కాలు తీసివేయుచుండెను. దారి పొడవునను పెడలుమీద కాలు ఆనించియుంచుట నేను చూడలేదు. ఆ పద్ధతి ఎచ్చట నేర్చితివని అడుగగా, “మా నాన్న లారీ డ్రైవరండి. మారేడుమిల్లి ఘాటులో నేర్పాడు. ఆయనకి రెండో గేరు, నాకు బి. అంతే తేడా,” అనెను.

ఆ మాట చిన్నది. కాని నాకు ఈ చరిత్రయంతయు అందు కనబడెను. పరికరము మారినది, ధర్మము మారలేదు. అయితే ధర్మము తెలియనివానికి పరికరము తానుగా బోధింపదు. నేటి బండ్లలో బ్యాటరీ నిండినప్పుడు యంత్రమే కొంతవరకు ఇంజినును త్రిప్పుకొనును గాని, కొండ ఎంత దీర్ఘమో, ముందు మలుపు ఎట్టిదో, వెనుక ఎందరు కూర్చున్నారో అది ఎరుగదు. ఎరిగినవాడు మనుష్యుడు. అతడు కొండకొనయందే మీట లాగవలెను. వేగము పెరిగి, పెడలు మెత్తబడిన తరువాత లాగినచో ఇంజిను అరుపు మిగులునే గాని అప్పటికే పళ్ళెములలో చేరిన వేడి వెనుకకు పోదు. జారుడు నేలమీద మరియొక జాగ్రత్త కూడ కలదు. జూన్ మొదలు సెప్టెంబరువరకు, ఖరీఫ్ అని అచ్చట పిలుచు ఋతువున, మంచుతుంపర కమ్ముకొను ధోఫారు కొండలలో, సలాలాకు దిగు దారులు తడిసి, మట్టిపట్టి యుండును. అచ్చట ఇంజిను పట్టు రెండు చక్రములమీదనే ఒక్కమారుగా పడినచో అవి జారవచ్చును. కావున అక్కడ వేగమును ముందుగానే బాగుగా తగ్గించి, తిన్ననిచోటనే మీట లాగి, పిమ్మట మెల్లమెల్లగా దిగవలెను. పొగమంచులోనుండి ఒంటె యొకటి రోడ్డు నడుమకు నడచివచ్చుట ఆ ప్రాంతమున ప్రతిదిన విషయము.

ఒమన్ దేశమున బండి నడుపుచు పొట్ట పోసికొనుచున్న మన తెలుగుబిడ్డలు ఎందరో కలరు. యజమాని కుటుంబమును వారాంతమున కొండకు తీసికొనిపోవువారు, కూరగాయల బండి తోలువారు, నిర్మాణ సంస్థల పికప్పులు నడుపువారు, ఇంటిలో నిద్రించు పసిపిల్లల ముఖములు ఫోనులో చూచుకొని మరల స్టీరింగు పట్టువారు. వారిలో పెక్కురు గోదావరి సమతలమున, రాయలసీమ మైదానమున బండి నేర్చినవారు. వారికి కొండ క్రొత్త, హైబ్రిడ్ క్రొత్త, ఆ అరబ్బీ బోర్డులు క్రొత్త. బండి అప్పగించునప్పుడు పెట్రోలు మూత ఎటుప్రక్క తెరచుకొనునో చెప్పువారు కలరు గాని, ఆ చిన్ని అక్షరము ఏల యున్నదో చెప్పువారు అరుదు. చెప్పుటకు పట్టునది రెండు నిమిషములు. అది చెప్పకపోవుటవలన కలుగు నష్టమునకు ఏ ముల్కియాయు, ఏ బీమాపత్రమును పరిహారము కాజాలదు. ముందు వచ్చినవారు వెనుక వచ్చినవారికి గదియద్దెను, కూరగాయల ధరలను చెప్పునట్లే, ఇదియును చెప్పవలెనని నా ప్రార్థన.

ఆ సాయంకాలము మేము బౌషరు వైపు క్రిందికి చేరిన తరువాత, దీపస్తంభముల వెలుగులో రోడ్డు ప్రక్కగా కారు నిలిపి మిత్రుడు దిగెను. ఇంజిను అప్పటికే మౌనము దాల్చియుండెను. అతడు ముందుచక్రముకడ గొంతుకూర్చుండి, అరచేతిని వెనుదిప్పి, ఇనుపపళ్ళెమునకు జానెడు దూరమున పట్టి కొంతసేపు ఉండెను. పిదప తమ్ముని పిలిచి అతని చేతిని కూడ అచ్చటనే పట్టించెను. ఏమియు చెప్పలేదు. తమ్ముడు చేయి తీసి, ఒకమారు మేము దిగివచ్చిన కొండవైపు చూచి, మరల చేయి అచ్చటనే పెట్టి చూచెను.

“గోరువెచ్చగానే ఉందన్నయ్యా,” అనెను.

“రేపు నువ్వు తోలు, నేను పక్కన కూర్చుంటాను,” అని అన్న అతనికి తాళము లందించెను.